గడప దగ్గరి క్లోజప్

ఆ రోజు ఆ గదిలో నేను చెప్పాల్సింది చిన్న మాట. "ఆ షాట్ నేను చూడలేదండి. చూశానని అబద్ధం చెప్పాను." అంతే. కొత్త ఆర్టిస్టుకి ఇచ్చినా ఒక్క టేకులో చెప్పేస్తాడు. నేను మాత్రం ఆ మాట చెప్పకుండా టేబుల్ మీదున్న ఏసీ రిమోట్ వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆ మాట పడాల్సిన చోట పడనందువల్ల ఒక మనిషికి ముందు పని పోయింది, తర్వాత పేరు పోయింది. ఆయన మా కో-డైరెక్టర్. సినిమా వాళ్లు కాని వారి కోసం చెబుతున్నాను: దర్శకుడి కిందా, మాలాంటి సహాయ దర్శకులందరి పైనా ఉండే మనిషిని కో-డైరెక్టర్ అంటారు. సెట్లో ఏది బాగా జరిగినా దర్శకుడి ప్రతిభ. ఏది జరగకపోయినా కో-డైరెక్టర్ తప్పు. ఇది ఎవరూ ఎక్కడా రాసి పెట్టలేదు, అయినా అందరూ పాటిస్తారు.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఫిల్మ్ నగర్‌లో ఆ పేరు నా వల్ల ఇప్పటికే చాలా నోళ్లలో నలిగింది.

హైదరాబాద్ మనిషి. పుట్టిందీ పెరిగిందీ యూసఫ్‌గూడ దగ్గరే. నేను గోదావరి వైపు నుంచి వచ్చినవాణ్ని. ఆయన మాట్లాడేదంతా 'వచ్చిండు, పోయిండు'. ఆర్టిస్టులకి నేర్పేది మాత్రం 'వచ్చాడు, వెళ్లాడు'. ఒకసారి ఒక కామెడీ ఆర్టిస్టు అడిగాడు: "మమ్మల్ని 'వచ్చాడు' అనమంటారు, మీరేమో 'వచ్చిండు' అంటారు. ఇదేం న్యాయం సార్?"

"నాకు సీన్ లేదు గదా సార్" అన్నారాయన.

మే నెలలో కూడా పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దగ్గర గుండీ పెట్టుకుని ఉండేవారు. ఎవరి పేరు రాసిన కుర్చీలోనూ కూర్చునేవారు కాదు. ఆయన పేరు రాసిన కుర్చీ లేదు కాబట్టి సాధారణంగా నిలబడే ఉండేవారు. షాట్ అయిపోయి, కెమెరా తీసుకుని అందరూ పక్క కోణానికి వెళ్లిపోయాక, ఆయన మాత్రం వెనక్కి వచ్చి అంతకుముందు కెమెరా ఉన్న చోట నిలబడి ఖాళీ గదిని చూసేవారు. గుళ్లోంచి బయటికొచ్చి చెప్పులు కనపడని మనిషి నిలబడినట్టు ఉండేది. మొదట్లో మేం నవ్వుకున్నాం. కానీ అలా నిలబడ్డప్పుడే ఆయనకి గుర్తొచ్చేవి: అమ్మ పాత్ర చేతిలోని గ్లాసు ఎక్కడ పెట్టింది, తలుపు వేసి ఉందా తీసి ఉందా, ఎవరు ఎవరి వైపు చూడాల్సి ఉండగా చూడలేదు.

నేను చేరిన మొదటి వారంలోనే ఒక రోజు ఆలస్యంగా వెళ్లాను.

"జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర ట్రాఫిక్ అండీ" అన్నాను.

"చెక్‌పోస్ట్ ఎప్పుడు పెట్టిండ్రు తమ్మీ? నిన్ననా?"

ఆ తర్వాత నేను ఎన్నో కారణాలకి ఆలస్యంగా వెళ్లాను గానీ, ట్రాఫిక్ అన్న కారణం మాత్రం మళ్లీ వాడలేదు.

ఎవరినైనా మందలించాల్సి వస్తే నలుగురిలో నోరెత్తేవారు కాదు. స్టూడియో గేటు బయట చాయ్ బండి దగ్గరికి తీసుకెళ్లి, ఇద్దరికీ చాయ్ చెప్పి, తాగడం పూర్తయ్యేదాకా ఏమీ అనేవారు కాదు. పూర్తయ్యాక కూడా ఏమీ అనేవారు కాదు. "పోదాం పా" అనేవారు. దారిలో మనమే మన తప్పు చెప్పేసి ఉండేవాళ్లం. చాలామంది ఆయన చేత తిట్టించుకోవడానికి సిద్ధంగా ఉండేవారు గానీ, ఆ చాయ్‌కి మాత్రం భయపడేవారు.

ఇక 'షాట్ రెడీ' సంగతి. ఆర్టిస్టు కారవాన్‌లో ఉంటారు. లైటింగ్ ఇంకా అవుతూ ఉంటుంది. ప్రొడక్షన్ మేనేజర్ సహాయ దర్శకుణ్ని పంపి "షాట్ రెడీ సార్" అని చెప్పిస్తాడు. ఆర్టిస్టుకి అది అబద్ధమని తెలుసు. తెలుసు కాబట్టి ఇంకో అరగంట తర్వాత వస్తారు. వాళ్లు అలా వస్తారని మేనేజర్‌కి తెలుసు కాబట్టి ఇంకో అరగంట ముందే చెప్పిస్తాడు. ఈ పద్ధతి మీద పరిశ్రమ మొత్తం నడుస్తోంది. ఒక్క మా కో-డైరెక్టరే ఒప్పుకునేవారు కాదు.

"లైట్లే పెట్టలే, షాట్ రెడీ అని ఎట్ల చెప్తం సార్?" అనేవారు మేనేజర్‌తో.

"అలా చెప్తేగానీ రారు కదండీ."

"వస్తే ఏం చూపెడ్తం?"

ఈయన వెళ్లి కారవాన్ తలుపు తట్టి, హీరోతో ఉన్నదున్నట్టు చెప్పేవారు: "బాబూ, షాట్ రెడీ కాలే. అర్ధగంట పడ్తది. మీరు పండుకోవచ్చు. లేదంటే బయటికొచ్చి మాతోని చాయ్ తాగొచ్చు." దాని ఫలితం ఏమిటంటే, ఆయన 'రెడీ' అన్న రోజు హీరో చెప్పులు వేసుకునేంత సేపట్లో వచ్చేవాడు. నేను వెళ్లి 'రెడీ' అంటే "ఆయన చెప్పారా, నువ్వు చెప్తున్నావా?" అని అడిగేవాడు. నేను కాస్త నొచ్చుకునేవాణ్ని.

మా దగ్గరా అంతే. పని అయిందంటే నమ్మేవారు కాదు. "చూసినవా, ఉందనుకుంటున్నవా?" అని అడిగేవారు. 'అనుకుంటున్నాను' అంటే కోపం లేదు, "పోయి చూడు" అనేవారు. ఇది కష్టమైన పని కాదు. అనుకుంటున్నానని ఒప్పుకోవడమే కష్టం.

ఇప్పుడు ఆ సినిమా దగ్గరికి వస్తాను.

అది చివరి రోజు. చివరి రోజుల్లో పూర్తి సీన్లు ఉండవు, మిగిలిపోయిన ముక్కలు ఉంటాయి. ఒక సీన్‌లోంచి ఒక చూపు, ఇంకో సీన్‌లోంచి ఒక చెయ్యి. వాటిలో ఒకటి, తండ్రితో గొడవపడి ఇల్లు వదిలి వెళ్లే కొడుకు గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగి చూసే క్లోజప్. తండ్రి వేషం వేసిన పెద్దాయన ఊరెళ్లాలి అనడంతో ఆయన వైపు షాట్లన్నీ అంతకుముందే తీసేశాం. హీరో వైపు తర్వాత తీద్దాం అనుకున్నాం. తీశామో లేదో అప్పటికి ఎవరికీ సరిగ్గా గుర్తులేదు.

షూటింగ్ మొత్తం పూర్తయిన రోజు యూనిట్ అంతా చేరి గుమ్మడికాయ కొడతాం. బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, కెమెరాకీ అందరికీ దిష్టి తీసి, నేలకేసి కొట్టడం. అది పగిలిందంటే సినిమా తీయడం అయిపోయినట్టే. ఆ తర్వాత కెమెరా పెట్టడం అశుభం. ఆ రోజు గుమ్మడికాయ వచ్చేసింది. కర్పూరం తెచ్చేశారు. హీరో తిరుమల మొక్కు కోసం బయలుదేరడానికి తొందరపడుతున్నాడు.

కో-డైరెక్టర్ నన్ను పక్కకి పిలిచారు. "గడప కాడ హీరో క్లోజ్ తీసినమా, చూసి రా తమ్మీ. మానిటర్ కాడ ఎడిటింగ్ పిల్లగాడుంటడు, తీసి చూపెట్టమను."

వెళ్లాను. ఆ ఎడిటింగ్ అసిస్టెంట్ అక్కడ లేడు, చాయ్‌కి వెళ్లాడు. అతను వచ్చేదాకా ఆగాలి. నాకు ఆ సాయంత్రం జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాత ఆఫీసులో నరేషన్ ఉంది. నా సొంత కథ వినిపించాలి. ఎన్నో నెలలు తిరిగితే దొరికిన టైము. ఖాళీ కుర్చీ పక్కన కాసేపు నిలబడి వెనక్కి వచ్చాను.

"ఉందండీ. తీశాం."

"చూసినవా, ఉందనుకుంటున్నవా?"

"చూశానండి."

ఆయన డైరెక్టర్ వైపు తిరిగి తలూపారు. గుమ్మడికాయ కొట్టారు. నేను ఆటో ఎక్కాను.

నా కథ ఆ సాయంత్రమే ఓకే అయింది.

షాట్ లేదన్న సంగతి ఎడిటింగ్‌లో బయటపడింది. తండ్రి పిలుస్తాడు, కొడుకు గడప దాకా వెళ్తాడు, ఆ తర్వాత తండ్రి కళ్లు తుడుచుకుంటాడు. ఆ పెద్దాయన దేన్ని చూసి కళ్లు తుడుచుకున్నాడో సినిమాలో లేదు. పోనీ ఒక గంటలో తీసేద్దామంటే, ఇంటి సెట్ విప్పేశారు. అంతకంటే పెద్ద ఇబ్బంది, హీరో తిరుమలలో మొక్కు తీర్చుకుని నున్నటి గుండుతో తిరిగొచ్చాడు. విగ్గు పెట్టి తీశారు. విగ్గు విగ్గులాగే కనపడింది. చివరికి వీపు వైపు నుంచి డూప్‌ని పెట్టి కానిచ్చారు. సినిమాలో అన్నిటికంటే ముఖ్యమైన చూపు ఒక వీపు మీద నడిచింది.

అందరినీ ఫిల్మ్ నగర్ ఆఫీసుకి పిలిపించారు. గదిలో డైరెక్టర్, నిర్మాత, కో-డైరెక్టర్, నేను.

"తీశామని ఎవడు చెప్పాడయ్యా?" అని డైరెక్టర్ అరిచాడు.

కో-డైరెక్టర్ నా వైపు చూశారు. నేను ఏసీ రిమోట్ వైపు చూశాను. ఆయన ఇంకాస్త సేపు ఆగారు. ఇంత సేపు ఎందుకు ఆగుతున్నారా అని నాకు చికాకు కూడా వేసింది.

"నేనే సార్" అన్నారు. "నేను పోయి చూడాల్సింది. చూడలే."

"నీలాంటివాడు ఉన్న సినిమాకి గుమ్మడికాయ కూడా దండగ" అన్నాడు డైరెక్టర్. ఇంకా చాలా అన్నాడు.

బయటికొచ్చాక ఇద్దరం ఫిల్మ్ నగర్ దిగుడు రోడ్డు మీద నడిచాం. చాయ్ బండి ఎదురైంది. ఆయన ఆగలేదు. మలుపు దగ్గర నిలబడి అన్నారు:

"నువ్వు చెప్తవేమోనని జర సేపు ఆగిన."

"సార్..."

"నీ కథ ఓకే అయిందంట గదా. మంచిగ తియ్యి."

వెళ్లిపోయారు. నన్ను తిట్టలేదు. ఆ తర్వాత ఎవరితోనూ నా పేరు చెప్పలేదు. చెబుతారని కొన్నాళ్లు భయపడ్డాను. చెప్పరని తెలిశాక మంచివాడు అనుకున్నాను. అంతకు మించి ఏమీ చేయలేదు.

సినిమా ఆడలేదు. ఆడకపోవడానికి మంచి కారణాలు చాలా ఉన్నాయి, వాటిలో కథ ఒకటి. కానీ మాది సెంటిమెంట్ల పరిశ్రమ. పని మిగిలుండగా గుమ్మడికాయ కొట్టించిన మనిషి అని ఆయనకి పేరు పడింది. 'గుమ్మడికాయ సార్' అని పిలవడం మొదలుపెట్టారు. తప్పు చేసిన మనిషికైతే మళ్లీ పని దొరికేదేమో. అచ్చిరాని మనిషికి దొరకదు. పెద్ద సినిమాలు పోయాయి, చిన్నవి పోయాయి, తర్వాత ఫోన్లు పోయాయి. అదే సమయానికి నేను డైరెక్టర్నయ్యాను. ఒక హిట్టు, తర్వాత రెండు సినిమాల గురించి అడగకండి.

ఇక్కడితో ఆగి ఉంటే నేను పిరికివాణ్ని మాత్రమే అయ్యేవాణ్ని. ఒక యూట్యూబ్ చానెల్‌లో యాంకరమ్మ "సెట్లో జరిగిన ఫన్నీ ఇన్సిడెంట్ ఏదైనా చెప్పండి సార్" అంది. నాకు వెంటనే తట్టింది ఇదే. "మా కో-డైరెక్టర్ గారు ఒకాయన, ఒక్క షాట్ మిగిలుండగానే గుమ్మడికాయ కొట్టించేశారండీ" అని మొదలుపెట్టి, హీరో గుండు దాకా చెప్పాను. బాగా చెప్పాను. ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. ఆయన పేరు చెప్పలేదు. ఆ పని వీడియో కింద కామెంట్లు రాసేవాళ్లు చేశారు. 'అందుకే ఈయనకి ఎవరూ పని ఇవ్వట్లేదన్నమాట' అని ఒకరు రాశారు. చదివి ఫోన్ పక్కన పెట్టాను.

ఈ మధ్య నా దగ్గర మౌనిక అనే అమ్మాయి అసిస్టెంట్‌గా చేరింది. ఒక రోజు సెట్లో "ఆ ఫ్యాన్ షాట్ తీశామా?" అని అడిగాను.

"తీశామనుకుంటున్నాను సార్. చూడలేదు. చూసొచ్చి చెప్తాను."

ఇరవైల్లో ఉన్న మనిషి నోట అలాంటి మాట నేను వినలేదు. ఎవరు నేర్పారని అడిగాను. మధురానగర్‌లో ఒక మేడ మీద అసిస్టెంట్ డైరెక్షన్ క్లాసులు చెప్పే సార్ అంది. పేరు కూడా చెప్పింది. మా కో-డైరెక్టరే.

"ఫస్ట్ క్లాస్‌లోనే గుమ్మడికాయ కథ చెప్తారు సార్" అంది.

"ఏమని చెప్తారు?"

"'ఒకసారి నేను కళ్లతో చూడకుండ గుమ్మడికాయ కొట్టించిన, మీరు కొట్టించకుండ్రి' అని."

"ఎవరైనా ఆయనకి తప్పుగా చెప్పారని అనలేదా?"

"లేదు సార్. ఎవరు చెప్పారు?"

నేను లైట్లు చూడాలని చెప్పి అక్కడి నుంచి కదిలాను. లైట్లు బాగానే ఉన్నాయి.

ఆ ఆదివారం మధురానగర్ వెళ్లాను. తలుపు తీసింది ఆయన భార్య. గుర్తుపట్టారు. కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చారు. "మీ ఇంటర్వ్యూ చూసినం సార్" అన్నారు. "మస్తు నవ్విండ్రు." ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందో లేదో తెలుసుకోవడానికి ఆవిడ ముఖంలోకి చూశాను. ఆవిడ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయారు.

ఆయన వచ్చారు. జుట్టు తెల్లబడింది. చొక్కా గుండీలు మణికట్టు దగ్గర పెట్టే ఉన్నాయి. నేను మొత్తం చెప్పాను. నరేషన్ టైము, ఎడిటింగ్ అసిస్టెంట్ చాయ్, నా వయసు, నా భయం, ఆ గదిలో నా పరిస్థితి, ఆ తర్వాత ఇన్నాళ్లూ నాకు పట్టని నిద్ర. నిద్ర విషయంలో కొంచెం పెంచి చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. కథలు అలాగే వింటారు.

అయిపోయాక కళ్లు తెరిచి అన్నారు: "కథ మంచిగుంది తమ్మీ. సెకండాఫ్‌ల ఏమైతది?"

"అంటే సార్?"

"నాకు తెల్సిన కథ నాకే చెప్పబడ్తివి. తెల్వనోళ్లు కొండ మీదున్నరు గదా."

కొండ మీదికి వెళ్లాను. ఆ పాత డైరెక్టర్ ఇల్లు జూబ్లీహిల్స్‌లో. ఇప్పుడు సినిమాలు తీయడు, అయినా ఆయన ఒక మాటంటే పదిమంది నిర్మాతలు వింటారు. బాల్కనీలో కూర్చుని చెప్పింది విన్నాడు.

"ఇప్పుడెందుకయ్యా ఇదంతా? ఆ సినిమా ఎలాగూ పోయింది కదా."

"ఆయన పేరు కూడా పోయిందండి."

"నేను ఆ రోజు ఆయన్ని ఏమన్నాను?"

చెప్పాను.

"అంత మాటన్నానా?"

"అన్నారండి."

"ఎదురు చెప్పలేదే మనిషి."

"లేదండి."

"నువ్వు పక్కనే ఉన్నావు కదయ్యా."

"ఉన్నానండి."

ఆయన ఫోన్ నంబర్ ఉందా అని అడిగాడు. ఇచ్చాను. చేశాడో లేదో నాకు తెలియదు, అడగలేదు.

తర్వాత ఆ యాంకరమ్మ దగ్గరికే వెళ్లి, నేను చెప్పిన ఫన్నీ ఇన్సిడెంట్‌లో తప్పు నాదని కెమెరా ముందు చెప్పాను. ఎడిట్ చేయొద్దని బతిమాలాను. చేయలేదు. కాకపోతే వీడియో పైన అతికించిన ఫొటోలో నేను వెక్కి వెక్కి ఏడుస్తున్నట్టు ఉన్నాను. నేను ఏడవలేదు. అది తుమ్ము రాబోయే ముందు ఆపిన ముఖం. మొదటి ఇంటర్వ్యూ చూసినంతమంది దీన్ని చూడలేదు. ఓపెనింగ్స్ తక్కువ. అయినా చూడాల్సిన వాళ్లు కొందరు చూశారు. ఒక నిర్మాత నాకు ఫోన్ చేసి "మరైతే అచ్చిరానివాడివి నువ్వా?" అని అడిగాడు. అవునన్నాను. నా తర్వాతి సినిమా సంగతి అతను మళ్లీ ఎత్తలేదు.

ఈ వివరాలన్నీ మోసుకుని మళ్లీ మధురానగర్ వెళ్లాను. నా తర్వాతి సినిమా ఎప్పుడైతే అప్పుడు, మీరే కో-డైరెక్టర్‌గా ఉండాలి అన్నాను.

"ఇది సారీయా, అడ్వాన్సా?" అన్నారు. "రెండు ఒక్కతాన కలపకు. ఏదో ఒకటియ్యి."

మెట్లు దిగుతుంటే తట్టింది. డైరెక్టర్‌కి చెప్పాను. యాంకరమ్మకి చెప్పాను. ఎవరో ముక్కూ ముఖం తెలియని వాళ్లకి చెప్పాను. ఆయనకి మాత్రం కారణాలు చెప్పాను, పని ఇస్తానని చెప్పాను. క్షమించమని ఇంతవరకూ అడగలేదు. మళ్లీ పైకెక్కుతుంటే ఆయన క్లాసుకి బయలుదేరుతూ ఎదురయ్యారు.

"ఏంది తమ్మీ?"

"ఒక మాట చెప్పాలండి."

"క్లాస్ టైమైంది. పా, ఆడ చెప్పు."

పక్క వీధిలో మేడ మీద రేకుల గది. ప్లాస్టిక్ కుర్చీల్లో పిల్లలు లేచి నిలబడ్డారు. ఆయన వాళ్లని కూర్చోమన్నారు. నన్ను చూపించి, "ఈయన డైరెక్టర్ గారు. ఏదో చెప్దామని వచ్చిండ్రు, ఇనుండ్రి" అని, ఆయన కూడా వెళ్లి చివరి వరసలో ఒక కుర్చీలో కూర్చున్నారు.

దారి పొడుగునా మంచి వాక్యాలు కూర్చుకున్నాను. వాటిలో నరేషన్ ఉంది, వయసు ఉంది, పరిస్థితులు ఉన్నాయి. నోరు తెరిచాక అవేవీ వాడబుద్ధి కాలేదు. వెనక వరస వైపు చూసి చెప్పాను.

"షాట్ చూసి రమ్మని మీరు నన్ను పంపారు. నేను చూడలేదు. చూశానని మీకు చెప్పాను. మిమ్మల్ని తిడుతుంటే పక్కనే కూర్చుని నోరు తెరవలేదు. తర్వాత మీ మీద కథ చెప్పి నలుగురిని నవ్వించాను. తప్పంతా నాది. నన్ను క్షమించండి సార్."